పెద్దలకు నూటికి నూరు

ఇకమీదట ఇంటర్వ్యూలలో అన్యాయానికి చోటు లేదని జలవనరుల మంత్రి లుహంగా గారు మ్జుజు పట్టణంలో ప్రకటించారు. బోర్డు అభ్యర్థులకు మార్కులు వేస్తుంది, అభ్యర్థులూ బోర్డుకు వేస్తారు. ఎవరికి ఎవరు తగినవారో రెండువైపులా తేలిపోతుంది. ఇంత చిన్న మాటను గంటన్నరసేపు చెప్పగలగడం ఆయనకే చెల్లింది.

ఉన్నది ఒక్కటే ఉద్యోగం, చేతిపంపుల మెకానిక్‌. టియోంగే ఆరేళ్లుగా చుట్టుపక్కల పంపులన్నీ ఊరికే బాగుచేస్తోంది. ఇకనైనా జీతం తీసుకుని చేద్దామని ఆశపడి వచ్చింది.

బోర్డు అధ్యక్షుడు మ్సిస్కా గారు పెద్దమనిషి, స్పానర్ ముట్టి ఎరగరు. తనకూ మార్కులు పడతాయి కనుక, ఎన్నడూ లేనిది, అభ్యర్థులకు వేయించిన వేరుశనక్కాయలు పెట్టించారు. పంపుల ఊసెత్తకుండా, అయిదేళ్ల తర్వాత ఎక్కడుంటావని టియోంగేను అడిగారు. పంపు దగ్గరేనని చెప్పింది. ఆశయం చాలదని ముప్ఫై అయిదు వేశారు.

తర్వాత ఆయనకు మార్కులు వేసే కాగితం ఆమె చేతికొచ్చింది. గదిలోకి వస్తూనే తాను ఆనవాయితీగా మోకాళ్ల మీద కూర్చుని దణ్ణం పెట్టిన పెద్దాయనకు ఏ చేత్తో తగ్గించి వేస్తుంది? నూరు వేసింది. మిగతా ముప్ఫై తొమ్మిది మందీ మర్యాద తెలిసిన ఇళ్ల బిడ్డలే. వాళ్లూ నూరే వేశారు.

మంత్రిగారు పక్షపాతం అంటకుండా రెండువైపుల మార్కులనూ ఒకే జాబితాలో ఎక్కించి, మొదటి పేరుకు ఉద్యోగం ఇచ్చేశారు. ఆ పేరు మ్సిస్కా గారిది. తాను అభ్యర్థిని కానని ఆయన మొత్తుకున్నారు.

"నలభై మంది ఒక్కమాట మీద ఉన్నారు. మరీ అంత వినయం పనికిరాదు," అన్నారు మంత్రి.

సోమవారం టియోంగే నీళ్లకు వెళ్లేసరికి పంపు దగ్గర బకెట్ల వరుస కదలడం లేదు. కోటు తొడుక్కున్న మ్సిస్కా గారు ఒకే నట్టుతో పొద్దున్నుంచీ కుస్తీ పడుతున్నారు. ఆమెకు జాలేసింది, కాస్త నవ్వూ వచ్చింది. స్పానర్ అందుకుని నాలుగు తిప్పులు తిప్పింది. నీళ్లొచ్చాయి.

"నాకు నూరెందుకు వేశావమ్మా?" అన్నారాయన మెల్లగా.

"పెద్దవారు కదా బాబాయ్. తగ్గిస్తే బావుంటుందా?"

"నేను నీకు తగ్గించలేదూ?"

ఆయన చెమట తుడుచుకుని అటూ ఇటూ చూశారు. బోర్డులో తన కుర్చీ ఖాళీగా ఉందనీ, శుక్రవారం దానికి ఇంటర్వ్యూ ఉందనీ, తప్పకుండా వెళ్లమనీ చెప్పారు.

"అంత పెద్ద కుర్చీకి నన్ను తీసుకుంటారా బాబాయ్?"

"ఎందుకు తీసుకోరు? పంపు బాగుచెయ్యడం వచ్చని మాత్రం పొరపాటున కూడా అనకు."