కంటిచార్టుకి ప్రోటోకాల్

"నేత లేనిదే నేత్రం లేదు!" అని దృష్టి సంక్షేమ శాఖ మంత్రిగారు తెనాలి సభలో ప్రకటించగానే నాకు ఒళ్లు పులకరించింది. కళ్లు చెమర్చాల్సిందే గానీ, మైకు పక్కన కూర్చోవడం వల్ల చెవులు చెమర్చాయి.

ఆ ప్రకటనకి మూలం బాపట్ల కళ్ల డాక్టరమ్మ ఫ్లోరెన్స్ గారి పరిశోధన. కంటి వెనక ఉండే పొర రెటీనా. అందులో వెలుగుని పట్టే కణాలు రెండు రకాలు: రాడ్లు, కోన్లు. షుగరు జబ్బు వాటినెంత తినేస్తోందో ఆవిడ తేల్చాలి. చార్టులో నాలుగో వరస చదవలేనివారికి చీటీ ఇస్తారు. చీటీ ఉంటే తెనాలిలో స్కానింగూ ఇంజక్షనూ ఉచితం.

"రాడ్లంటే ఎన్ని ఎం.ఎం. అమ్మా?" అనడిగారు మంత్రిగారు. పూర్వాశ్రమంలో ఆయన కాంట్రాక్టరు.

"కణాలండి. కంటికి కనపడవు."

"కనపడనివాటికి బిల్లు పెట్టడం మరీ తేలిక. శాంక్షన్!"

రేపల్లెలో శిబిరం పెట్టారు. క్యూలో నా ముందు చేపలమ్మే పుల్లమ్మ.

"ఎడం కన్ను ఎప్పుడో పోయిందయ్యా. కుడి కంటికీ నల్లగా తెర దిగతంది. సూది పడకపోతే ఇదీ పోద్దంట. చేప కన్ను చూసి తాజాదో కాదో చెప్పేదాన్ని. ఇప్పుడు నా కన్నే మురిగిపోయింది" అంది.

ఇంతలో శిబిరం ఇన్‌చార్జి, పార్టీ కార్యకర్త నాగశివ చార్టు చూసి అదిరిపడ్డాడు.

"ఇంగ్లీషు అక్షరాలేంటండీ? మన సారేరీ?"

గంటలో ఫ్లెక్సీ చార్టు దిగింది. మొదటి వరసలో మంత్రిగారు, రెండో వరసలో కొడుకు, మూడులో బావమరిది, నాలుగులో ఆవగింజలంత కార్యకర్తలు. ఆ ఆవగింజలు చిటపటలాడాయి.

"పదిహేనేళ్లు జెండాలు మోశాం. మా మొహాలు ఇంతేనా?"

మొహాలు పెంచారు. నిమ్మకాయలయ్యాయి. చాలలేదు. చివరికి గుమ్మడికాయలై గోడంతా నిండాయి.

"కింది వరస చిన్నగా ఉండాలండి, అప్పుడే పరీక్ష" అని మొత్తుకుంది డాక్టరమ్మ.

"సైన్సులో చిన్నాపెద్దా ఉంటాయేమో గానీ, మా పార్టీలో అందరూ పెద్దలేనమ్మా!" అన్నాడు నాగశివ. చీటీల పుస్తకం అతని జేబులోనే ఉంది.

పుల్లమ్మ వంతొచ్చింది.

"మామ్మా, పైన ఎవరు?" అడిగాడు నాగశివ.

"పైన పెద్దసారు గాక ఇంకెవరుంటారు నాయనా?"

"ఆ కింద?"

"ఆయన కొడుకు. ఆ కింద బావమరిది."

"నాలుగో వరస?"

"మీరే గందా ఎప్పుడూ అట్టడుగునుండేది!"

"పాస్! సిక్స్ బై సిక్స్!"

"ఆవిడ చూస్తోంది కిటికీ వైపండీ!" అంది డాక్టరమ్మ.

పుల్లమ్మ చేతులు జోడించింది. "నిజం చెప్తన్నా బాబూ, నాకేం కనపట్టల్లేదు. ఆ చీటీ రాయించు."

నాగశివ గొంతు తగ్గించాడు. "సారు కనపట్టం లేదా? ఈ మాట పైకి పోతే పింఛను ఉంటదా మామ్మా?"

పుల్లమ్మ జోడించిన చేతులు ఇంకాస్త పైకెత్తింది. "కనపడతన్నారు బాబూ. వెలిగిపోతన్నారు."

అద్దాలు తీస్తే నా వేళ్లు నాకే కనపడవు. నేనూ పాసయ్యాను. ఆరువందల పన్నెండు మందిమీ పాసయ్యాం. ప్రపంచంలో ఏ పరిశోధనకీ ఇంత చక్కటి ఫలితం వచ్చి ఉండదు.

ముగింపు సభకి మంత్రిగారొచ్చారు. ఫొటో కోసం నల్లద్దాలు తీసి చార్టు ముందు నిలబడ్డారు.

"పైన?" అడిగింది డాక్టరమ్మ.

"నేను."

"తర్వాత?"

"మావాడు. ఆ కింద మా బావమరిది."

"నాలుగో వరస?"

మంత్రిగారు కళ్లు చికిలించారు. ముందుకి జరిగారు. నాగశివ తన గుమ్మడికాయ పక్కనే నిలబడి మెడ సాచాడు, ఇంకాస్త బాగా కనపడదామని.

"ఎవరు వీళ్లంతా? ఎప్పుడూ చూసినట్టు లేదే!"

డాక్టరమ్మ నాగశివ ముందు చెయ్యి చాపింది. "పుస్తకం ఇలా ఇవ్వండి. నియమం నియమమే."

మొత్తం శిబిరానికి ఒకే ఒక్క చీటీ తెగింది. ఉచితాన్ని వదులుకోవడం మంత్రిగారి రక్తంలో లేదు. సైరను మోగిస్తూ ఆయన కాన్వాయి తెనాలి వైపు తిరిగింది.

మిగిలిన మాకు మంత్రిగారి బొమ్మతో 'సంపూర్ణ దృష్టి' సర్టిఫికెట్లు పంచారు. పుల్లమ్మ తనదాన్ని తలకిందులుగా పట్టుకుని, ముక్కుకి ఆనించి చూసుకుని, నా మోచెయ్యి తడిమింది.

"ఇది చూపిస్తే తెనాల్లో సూదేస్తారుగా, అయ్యా?"