అర గ్లాసు పాలు

ఆ రోజు ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దుటి రద్దీ తగ్గాక, బస్సు డిపో కంట్రోల్ గదిలో తన కుర్చీలోనే కూర్చుని, క్యాంటీన్ నించి అర గ్లాసు పాలు తెప్పించుకుని తాగాలి. తాగి, కడుపు ఏమంటుందో వినాలి. అంతకు మించి ఏమీ లేదు.

ఒకప్పుడు ఆమె ఆ డిపోలోనే బస్సు నడిపేది. పెద్దపేగులో వాపు, పుండ్లు వచ్చే జబ్బు తగులుకున్నాక స్టీరింగు వదిలి, ఏ బండి ఎవరు తీయాలో చెప్పే కుర్చీలోకి వచ్చింది. మందులు వాపును అదుపులోకి తెచ్చాయి. కానీ ఏది తింటే కడుపు అలుగుతుందో మందులు చెప్పవు. "ఒకరికి పడింది ఇంకొకరికి పడదమ్మా. మీకేది పడదో మీరే కనుక్కోవాలి. ఒకసారికి ఒక్కటే కొత్తది. మందు మాత్రం ఆపొద్దు" అన్నాడు డాక్టరు.

ఆమె ఆ మాటను ఉద్యోగంలా పట్టుకుంది. తెల్లన్నం, ఉడికించిన గుడ్డు, తెల్ల బ్రెడ్డు అనే మూడు నమ్మకస్తుల మధ్యకి ఒక్కొక్క అనుమానితుణ్ణి పిలిచి, రోజుల తరబడి కాపలా కాసింది. పచ్చి ఉల్లిపాయ దొరికిపోయింది. మిరపకారం దొరికిపోయింది. క్యారెట్టు పచ్చిగా ఉంటే తంటా, ఉడికితే సాధువు. ఏడాదిగా ఇంటిల్లిపాదీ తిట్టిపోసిన కాఫీ ఏ పాపమూ ఎరగదని తేలింది. ఇంతా చేస్తూ ఎవరి దగ్గరా ఏడవలేదు, ఎవరినీ విసుక్కోలేదు. ఇక మిగిలింది పాలు.

"ఇంట్లోనే తాగొచ్చుగా, నేను పక్కనే ఉంటాను" అన్నాడు భర్త. ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం.

"అందుకే వద్దంటున్నా. మీరు ఎదురుగా కూచుని నా మొహంలోకి చూస్తారు. అలా చూస్తే మంచినీళ్ళు కూడా అరగవండీ. కంట్రోల్ గదికి ఎదురుగానే బాత్రూం ఉంది, నా పాట్లు నేను పడతాను."

ఆయన కాదనలేదు. బ్రెడ్డు కాల్చి పెట్టి, ఆమె మాత్ర వేసుకునేదాకా నిలబడి, దుకాణానికి వెళ్ళాడు.

దుకాణం తెరిచి, ఎవరిదో కళ్ళజోడు తుడుస్తుండగా ఆయనకి గుర్తొచ్చింది, పొద్దున కాల్చింది ఎప్పుడూ కొనే బ్రెడ్డు కాదు. రాత్రి తొందరలో చేతికందింది తెచ్చాడు. ఇంటి పక్కావిడకి ఫోన్ చేసి, గుమ్మం దగ్గర పడేసిన కవరు మీద ఏముందో చదవమన్నాడు. "గింజల బ్రెడ్డు అని ఉందండీ" అందావిడ. పొద్దుట గింజలు, ఇప్పుడు పాలు. ఒకేరోజు రెండు కొత్తవి. రేపు కడుపు నొప్పెడితే ఏది దోషి అని తేలుస్తారు? ఇన్నాళ్ళ సాధన గంగలో కలిసినట్టే.

భార్యకి ఫోన్ చేశాడు. డ్యూటీలో ఆమె సెల్‌ఫోన్ తియ్యదు. కంట్రోల్ గది ఫోను పొద్దుటి పూట ఖాళీగా ఉండదు. మళ్ళీ చేశాడు, అదే మోత. ఇక లాభం లేదని క్యాంటీన్‌కి చేశాడు.

క్యాంటీన్ బాబాయ్‌కి ఒక చెవి మందం. రెండో చెవి పక్కన టీ కాచే బాయిలరు బుసలు కొడుతోంది.

"ఇవాళ పాలు ఇవ్వకండి. తాగితే ప్రమాదం" అన్నాడు భర్త.

"ఎవరండీ మాట్లాడేది?"

"డాక్టరుగారు చెప్పారు కదండీ..." అని ఆయన మొదలుపెట్టాడు. మిగతాది బాయిలరు మింగేసింది.

బాబాయ్‌కి అర్థమైనది ఇంతే. ఎవరో డాక్టరుగారు స్వయంగా ఫోన్ చేశారు. ఇవాళ్టి పాలు తాగితే ప్రమాదం. ఆయన నిజాయితీపరుడు. నష్టం గురించి క్షణం కూడా ఆలోచించకుండా, రెండు క్యాన్ల పాలూ మోసుకెళ్ళి కాలవలో పోశాడు.

అది చూసినవాడు డ్రైవర్ హారన్. గొంతు పెద్దదని ఆ పేరు పడింది.

"బాబాయ్, పాలు పారబోస్తున్నావేంటి?"

"డాక్టరు ఫోన్ చేశారు నాయనా. తాగితే ప్రమాదమట."

హారన్ అప్పటికే రెండు టీలు తాగి ఉన్నాడు. చెయ్యి దానంతటదే పొట్ట మీదికి వెళ్ళింది. అంతవరకూ ఉన్నట్టే తెలియని పొట్ట, పిలిచినట్టు పలికింది. ఆ సంగతి హారన్ ఒకే ఒక్క మనిషికి చెప్పాడు. కానీ చెప్పింది ఆ గొంతుతో కనుక డిపో అంతా వింది.

కాసేపటికి బాత్రూం ముందు వరస కట్టారు. ఇంజన్లు ఆగిపోయాయి. గదిలోంచి డిపో మేనేజరు పరుగున వచ్చి కంపెనీ డాక్టరుకి ఫోన్ చేస్తే, "కడుపునొప్పి అన్నవాళ్ళని నేనొచ్చి చూసేదాకా బండి ఎక్కనివ్వకండి" అన్నాడాయన. దాంతో, అప్పటిదాకా ఆలోచిస్తున్నవాళ్ళకి కూడా నొప్పి ఖాయమైంది.

"అక్కా, బండి తియ్యలేను" అంటూ ఒక్కొక్కరే కంట్రోల్ గది కిటికీ దగ్గరికి వచ్చారు. ఆమె ఫోన్ కింద పెట్టి, అందరినీ నిదానంగా చూసింది. కడుపునొప్పి విషయంలో ఆ డిపోలో ఆమెకన్నా అనుభవజ్ఞులు లేరు.

"నొప్పి ఎక్కడ?"

"ఇక్కడక్కా" అన్నాడు హారన్. "కాదు, ఇక్కడ."

"టీ తాగాక మొదలైందా, పాలు పారబోశారని విన్నాకా?"

హారన్ ఆలోచించాడు. "విన్నాకే అక్కా. కానీ గట్టిగా మొదలైంది."

అందరికన్నా ఎక్కువ మెలికలు తిరుగుతున్నది ఆసుపత్రి రూటు కండక్టరు. గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

"నువ్వెన్ని తాగావు?"

"నేను టీ తాగనక్కా. అసలా వాసనే పడదు."

ఆమె నవ్వలేదు. లేని నొప్పి కూడా పడేవాడికి నొప్పేనని ఆమెకి తెలుసు. తన జబ్బు మొదట్లో "అంతా నీ ఊహ" అన్నవాళ్ళు ఆమెకింకా గుర్తున్నారు. "కూర్చోండి. గోరువెచ్చని నీళ్ళు తాగండి. ఏమీ కాదు" అని మాత్రం అంది.

అప్పుడు ఫోన్ మోగింది. "పాలు తాగావా?" అన్నాడు భర్త ఊపిరి బిగపట్టి.

"ఏ పాలండీ? డిపోలో చుక్క లేదు. ఎవరో డాక్టరు..." ఆమె ఆగింది. "మీరేమైనా క్యాంటీన్‌కి ఫోన్ చేశారా?"

ఆయన గింజల దగ్గర్నించి బాయిలరు దాకా అంతా చెప్పాడు. ఆమె విని, మైకులో అందరికీ ఉన్నదున్నట్టు చెప్పింది. ఎవరూ నమ్మలేదు. "అక్క మనకి ధైర్యం చెబుతోంది" అన్నారు, ఆమె మంచితనానికి కరిగిపోతూ. అయినా ఇప్పుడు నమ్మీ లాభం లేదు. నొప్పి అని ఒకసారి అన్నాక డాక్టరు చూడాల్సిందే. ఆయన ఊరికి ఆ చివర ఉన్నాడు. రావాల్సింది బస్సులో.

మేనేజరు తల పట్టుకున్నాడు. "మిగతావి సరే. ఆసుపత్రి రూటు సంగతేంటి? డ్యూటీ మారే నర్సులు, డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళు స్టాపులో నిలబడి ఉన్నారు."

"నేను తీస్తాను సార్."

"మీరా? మీ ఆరోగ్యం..."

"బండి తోలొచ్చని మా డాక్టరు పోయిన నెలే చెప్పారు. చూద్దాం అన్నది మీరే."

"దారిలో ఇబ్బంది అయితే?"

"వంతెన దగ్గర పెట్రోలు బంకులో బాత్రూం ఉంది. మార్కెట్ వెనక ఒకటి, ఆసుపత్రిలో ఒకటి. పొద్దున గింజలు తిన్నాను, నిజమే. కానీ నాకు పడని గట్టి తిండి ఏదైనా మర్నాడు గానీ గొడవ చెయ్యదు. ఇన్నాళ్ళూ కనిపెట్టింది అదే కదా సార్. నా కడుపు సంగతి నాకు తెలుసు. ఇక్కడ ఆ మాట చెప్పగలిగేవాళ్ళు ఇంకెవరున్నారు?"

మేనేజరు వరస వైపు చూశాడు. తాళాలు ఆమె చేతిలో పెట్టాడు.

సీటు ముందుకు జరుపుకుని, అద్దం సరిచేసుకుని, ఆమె ఇంజను స్టార్ట్ చేసింది. టీ తాగని కండక్టరు, డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడి ఆయన సరేనన్నాక, సిగ్గుపడుతూ ఎక్కాడు. మొదటి స్టాపులో జనం కిక్కిరిసేసరికి నొప్పి ఎక్కడ పెట్టాడో మర్చిపోయాడు. పాత చేతులు మలుపుల్ని మర్చిపోలేదు. గుంతల దగ్గర నెమ్మదించి, ముసలివాళ్ళు కూర్చున్నాకే కదిలి, ఆమె బండిని తీసుకెళ్ళిన తీరు చూసి, "ఈవిణ్ణి ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారు?" అని అడిగిందో నర్సు. ఆసుపత్రి ముందు చివరి మనిషి దిగేదాకా ఆమె నిటారుగానే కూర్చుంది. తరవాత స్టీరింగుని అరచేత్తో ఒకసారి నిమిరి, బండి తిప్పింది.

తిరుగు ప్రయాణంలో కంపెనీ డాక్టరు ఆ బస్సే ఎక్కాడు. డిపోకి వచ్చి అందరి పొట్టలూ నొక్కి చూసి, ఎవరికీ ఏమీ లేదని రాసిచ్చాడు. భర్త అప్పటికే గేటు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి డ్రైవరుకీ క్షమాపణ చెబుతున్నాడు. ఆమె దిగి వస్తుంటే ఎదురెళ్ళి, ఆమె సంచీ అందుకున్నాడు.

"రేపటి నించి ఆసుపత్రి రూటు మీదే" అన్నాడు మేనేజరు.

గింజలు ఏ గొడవా చెయ్యలేదు. కొన్నాళ్ళు ఆగి, ఆమె అనుకున్నట్టే అర గ్లాసు పాలు తాగి చూసింది. పాలు ఆమెకి పడ్డాయి. డిపోలో మిగతావాళ్ళకే ఇంకా పడటం లేదు.