కిటికీ పక్కనే విదేశం

మానవ చరిత్రలో విదేశీ ప్రయాణం ఇంత సులువైన కాలం మరొకటి లేదు. పాస్‌పోర్టు అక్కర్లేదు, పెట్టె సర్దక్కర్లేదు. ఏటి ఒడ్డు వీధిలో, మేడ మీద బట్టలు కుట్టే టైలరమ్మ పొద్దున్నే కిటికీ పక్కన మిషను ముందు కూర్చుని విదేశం వెళ్లేది. అన్నం వేళకి వంటింట్లోకి, అంటే స్వదేశానికి, తిరిగొచ్చేది. ఈ సంగతి ఆవిడకి తెలియకపోయినా ఫోను కంపెనీకి తెలుసు.

ఏటికి అవతల వేరే దేశం. అక్కడి టవరు కిటికీలోంచి చెయ్యి చాపి మరీ ఆవిడ ఫోనును పట్టుకునేది. విదేశంలో ఫోను వాడినందుకని టైలరమ్మకి పెద్ద రోమింగ్ బిల్లు వచ్చింది. శనివారంలోగా కట్టకపోతే లైను కట్. పొరుగూళ్లో ఉన్న కూతురికేమో నెలలు నిండాయి. కబురు రావాల్సింది ఆ నంబరుకే.

కంపెనీకి ఫోను చేసింది.

"మీరు విదేశంలో ఉన్నారు కదండీ," అంది అవతలి గొంతు.

"నేను కాలరు కుడుతున్నాను నాయనా."

"విదేశంలో కుడుతున్నారన్నమాట. మిషను లోపలి గోడవైపు జరుపుకోండి."

"అక్కడ చీకటి. సూదిలో దారం మీ మేనేజరు గారొచ్చి ఎక్కిస్తారా?"

(ఆ సేవ ప్రస్తుతం అందుబాటులో లేదని మర్యాదగానే చెప్పారు.)

ఆవిడ వినియోగదారుల రక్షణ మండలికి వెళ్లింది. విదేశంలో ఉన్నవారి ఫిర్యాదు తీసుకోరాదని అక్కడి నిబంధన. ఆవిడ స్వయంగా కౌంటరు ముందు నిలబడి ఉండటం ఆ నిబంధనకు కొంత ఇబ్బంది కలిగించింది. చివరికి కిటికీని విచారించడానికి ఓ అధికారిని పంపారు.

అధికారి వచ్చి, తన కార్డు ఇచ్చి, కిటికీ పక్కనే కుర్చీ వేసుకున్నాడు. ఇంతలో ఇంటి నుంచి భార్య ఫోను. తీరిగ్గా మాట్లాడి పెట్టేసరికి 'విదేశానికి స్వాగతం' అంటూ మెసేజి వచ్చింది. ఆయన చివాలున లేచాడు. (పౌరుల బాధ అధికారులకు ఇంత త్వరగా అర్థమవడం అరుదు.) సాయంత్రానికల్లా ఆయన నంబరుకి రోమింగ్ ఛార్జీ శాశ్వతంగా రద్దయింది. టైలరమ్మ ఫిర్యాదు పరిశీలనలో ఉంది. శనివారం లైను కట్ అయింది.

టైలరమ్మ ఎవరినీ తిట్టలేదు (పైకి). అధికారి కార్డు మీది నంబరును తన కొత్త నంబరని కూతురికీ, బట్టలిచ్చిన వాళ్లందరికీ పంచిపెట్టింది.

ఇక అధికారికి ఊపిరాడలేదు. ఒకరికి చొక్కా చేతులు పొట్టి, ఒకరికి ప్యాంటు నడుం వదులు. ఓ మీటింగు మధ్యలో ఎవరి అల్లుడో నవ్వుతూ ఏడుస్తూ, "అత్తయ్యా, ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు," అన్నాడు. అధికారికి తనకే మనవరాలు పుట్టినంత సంతోషం వేసింది. పరుగున వెళ్లి మేడ మెట్లెక్కి ఆ మాట చెప్పాడు.

టైలరమ్మ కళ్లు తుడుచుకుంది. "చల్లటి కబురు చెప్పారు అన్నయ్యగారూ. రేపు కూడా ఫోను పట్టుకుని రండి, పిల్ల ఏడుపు వింటాను. అన్నట్టు, మీ నంబరు నా టైలరింగు బోర్డు మీద రాయమని పెయింటరుకి చెప్పాను."

మర్నాడు ఆఫీసు తెరుస్తూనే ఆవిడ బిల్లు రద్దయింది, లైను కలిసింది. తీవ్రమైన ఇబ్బంది పడుతున్న ఓ వినియోగదారుడికి ఒక్కపూటలో న్యాయం చేశామని మండలి తన నివేదికలో రాసుకుంది. బాధితుడి పేరు దగ్గర అధికారి పేరు ఉంది.