పడవ పాట, పదవ పాట

పెద్దగుమస్తాగారి కారులో పాటలు రావన్న సంగతి అధికారికంగా బయటపడింది. బయటపెట్టింది ఎవరో కాదు, ఆయన భార్యే. పొద్దున్నే వాకిట్లో నిలబడి, అటు పక్కింటికీ ఇటు పక్కింటికీ సమానంగా వినపడేటట్టు ప్రకటించింది.

"ఆదివారం మా అక్కగారింటికి నేను బస్సులో పోతున్నా. ఆయన కార్లో వస్తారు. దారిలో కనపడితే చెయ్యూపుతా."

కారణం కూడా దాచుకోలేదు.

"ఆ కార్లో పాటలు రావు. పాటలు రాకపోతే ఆయన మాట్లాడతారు."

ఇది అన్యాయమని వీధిలో ఒక్కరూ అనలేకపోయారు. పెద్దగుమస్తాగారు ఆఫీసు నించి రిటైరయ్యారు గానీ ఆఫీసు ఆయన్నించి రిటైరవలేదు. ఏ కుర్చీలో ఎవరు కూర్చునేవాళ్ళు, ఆ కుర్చీకి కాలెప్పుడు విరిగింది, కొత్త కాలు వెయ్యమని రాస్తే ఎవరు వెనక్కి కొట్టారు, ఇవన్నీ ఆయనకి నాలుకమీదుంటాయి. ఇంట్లో అయితే ఆవిడ వంటింట్లోకి పోయి తప్పించుకుంటుంది. కార్లో వంటిల్లుండదు.

దీనికి తోడు అక్కగారి మొగుడొకడున్నాడు. అంటే పెద్దగుమస్తాగారికి తోడల్లుడు. తోడల్లుడి సంగతి మీకు చెప్పక్కర్లేదు, మీకూ ఒకడుండే ఉంటాడు. ఈయన కారు తలుపు తీస్తే పాట, వేస్తే పాట. రెండ్రోజులకోసారి ఫోన్ చేసి, "ఏం తమ్ముడూ, నీ కారు ఇంకా మూగనోమేనా?" అని క్షేమం కనుక్కుంటుంటాడు. అట్లాంటి మనిషి గుమ్మం ముందు ఖాళీ కార్లోంచి ఒంటరిగా దిగడం, బస్సులో ముందే వచ్చేసిన సొంత భార్య టీ గ్లాసు పట్టుకుని ఎదురురావడం, ఇదంతా పెద్దగుమస్తాగారి కళ్ళముందు ఆడింది. ఆదివారంలోపల పాట వచ్చి తీరాలని తనకి తనే ఉత్తర్వు జారీ చేసుకున్నారు.

స్టీరియో షాపాయన చాలా మర్యాదస్థుడు. స్టీరింగు పక్కనున్న నల్లపెట్టెని చూసి, మెమరీ కార్డొకటి పెడితే చాలన్నాడు. ఆ కార్డు గోరంత ఉంది.

"ఎంత మెమరీ ఉన్నది ఇమ్మంటారు సార్?"

"అన్నిటికంటే పెద్దది."

చిన్నది పెడితే బయటివాళ్ళకి తెలియదు. కానీ మనకి తెలుస్తుంది కదా. భార్య ఫోన్లో ఉన్న పాటలన్నీ షాపాయన ఆ కార్డులోకి ఎక్కించి ఇచ్చాడు. పెద్దగుమస్తాగారు ఇంటికొచ్చి, పెట్టెకి అడ్డంగా నోరులాగా కనపడే సందొకటుంటే అందులో కార్డు వేశారు. అది పాతకాలం పాటల పళ్ళేలు, అదే సీడీలు, పెట్టే సందు. కార్డు లోపలికి పోయింది. పోవడమే. కారు గతుకులో పడితే లోపల గలగలమంటుంది. పని చెయ్యదు, బయటికి రాదు. ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకి ఇందులో వింతేం లేదు. ఆయన కూడా దాన్ని పర్మనెంటు ఉద్యోగి కింద జమకట్టేసి, అంతే పెద్దది ఇంకో కార్డు కొని, అందులోనూ పాటలెక్కించుకొచ్చారు.

ఈసారి పక్కనున్న చిన్నసందు దొరికింది. కార్డు పెట్టారు. పెట్టె మీద నీలంగా దీపం వెలిగి, ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. కళ్ళజోడు పెట్టుకుని చదివారు. ఫైలు లేదు, అని ఉంది.

పెద్దగుమస్తాగారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. సర్వీసంతా ఆ మాట చెప్పింది ఆయనే. చెప్పడమే గానీ వినడం ఇదే మొదలు.

ఆ క్షణం నించి పెట్టె మీద ఆయనకి గౌరవం ఏర్పడింది. ఇది మనవాళ్ళదే అనుకున్నారు. ఫైలు లేదంటే నిజంగా లేదని కాదు, ఇవాళ ఇవ్వబుద్ధి కాలేదని. ఆ మర్మం ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళెవరు? అందుకని భోజనం చేసి మళ్ళీ వచ్చారు. లేదంది. మర్నాడు పొద్దున కాస్త నలగని చొక్కా వేసుకుని వచ్చారు. లేదంది. "తమరు ఒకసారి మళ్ళీ చూడండి," అని మెల్లగా అడిగారు. అప్పుడూ లేదంది. పోనీ చెయ్యి తడుపుదామంటే దానికి చెయ్యి లేదు.

చివరికి అల్లుడికి ఫోన్ కొట్టారు. అల్లుడిది కంప్యూటర్ల ఉద్యోగం. ఏం చేస్తాడో ఇంట్లో ఒక్కరికీ అర్థం కాదు కాబట్టి పెద్ద ఉద్యోగమే అయ్యుండాలి.

"మావయ్యగారూ, కార్డు మరీ పెద్దదండీ. పాత పెట్టెకి అంత మెమరీ పట్టదు. చిన్నది పెట్టండి."

"అంటే, ఎక్కువ గుర్తుండేవాణ్ణి లోపలికి రానివ్వదన్నమాట."

"అంతేనండీ."

"మంచి పద్ధతే. మా ఆఫీసులోనూ అంతే."

చిన్న కార్డు కోసం పోతే షాపాయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. అంత చిన్నవి ఇప్పుడెవరూ అడగరన్నాడు. షాపు పరువేం కావాలన్నాడు. తర్వాత అడుగు సొరుగులోంచి ఒకటి తీసి, పాటలెక్కించి, ఎవరి కంటా పడకుండా కాయితంలో చుట్టి ఇచ్చాడు.

"ఇప్పుడు దాన్ని ఫార్మాట్ చెయ్యాలండీ," అన్నాడు అల్లుడు ఫోన్లో.

"ఏ ఫార్మాట్లో? ఎవర్ని ఉద్దేశించి రాయాలి?"

"రాయడం కాదండీ. అందులో ఉన్నవన్నీ చెరిపెయ్యడం."

"ఫైలు లేదంటున్నవాడి దగ్గరికి, ఉన్న ఫైళ్ళు చెరిపేసుకుని పోవాలా?"

"అవునండీ. ఫ్యాట్ థర్టీటూ అనే పద్ధతిలో చెయ్యాలి."

"ఫ్యాటంటే ఏంటయ్యా?"

లోపల్నించి భార్య అందుకుంది. "కొవ్వు. ఆ పెట్టెకి అదే ఎక్కువైంది."

అల్లుడు చెప్పినట్టే షాపాయన చెరిపాడు, మళ్ళీ పాటలెక్కించాడు. పెట్టె ఈసారి ఫైలు లేదనలేదు. ఫైళ్ళున్నాయని ఒప్పుకుని, వరసగా ప్రశ్నగుర్తులు చూపించింది. ఒక్క అక్షరం లేదు. ఒక్క పాటా పాడలేదు.

ఈ కబురు తెలిసి వీధి సంఘం అధ్యక్షులవారు స్వయంగా వచ్చారు. మనుషులు నలుగురు పోగైతే మాట్లాడకుండా ఉండలేని జబ్బొకటి ఆయనకుంది. కారు తలుపు మీద చెయ్యేసి మొదలుపెట్టారు.

"సోదర సోదరీమణులారా! ఇంతకాలం మనిషి యంత్రాన్ని ప్రశ్నించాడు. ఈనాడు యంత్రం మనిషిని ప్రశ్నిస్తోంది! అంతటి ఘనత ఎక్కడో పెద్దపెద్ద నగరాలకి దక్కాల్సింది, మన వీధికి దక్కింది!"

అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇంతకీ ఏమని ప్రశ్నిస్తోందండీ?" అంది భార్య.

"అది పరిశీలనలో ఉందమ్మా."

పరిశీలన మళ్ళీ అల్లుడి దగ్గరికే పోయింది. అల్లుడు అత్తగారిని లైన్లోకి పిలిచాడు.

"అత్తయ్యగారూ, పాటల పేర్లు ఏ అక్షరాల్లో పెట్టారు?"

"తెలుగులో."

అటువైపు అల్లుడు గొంతు సవరించుకున్నాడు. పరీక్షల రిపోర్టు చూసిన డాక్టరు మాట్లాడబోయే ముందు సవరించుకుంటాడే, అట్లా.

ఆ పేర్లు ఆవిడ పెట్టుకున్నవే. కూతురు పంపిన పాటల మీద ఏవో అంకెలుంటే అవి తీసేసి, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ, ఒత్తు దొరక్కపోతే పొయ్యి కట్టేసి మరీ వెతుక్కుంటూ, వాన పాట, పడవ పాట, కళ్ళ పాట, నాన్న ఈలవేసే పాట, ఇట్లా తనకి గుర్తుండేటట్టు రాసుకుంది. లకీ ళకీ ఎక్కడా తేడా పోనివ్వలేదు.

"పాట తెలుగే కదయ్యా?"

"పాట తెలుగులో ఉండొచ్చండీ, దానికి అభ్యంతరం లేదు. పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ఉండాలి."

"అంటే లోపలికి రావచ్చు గానీ, పేరు గుమ్మం బయట విడిచి రావాలన్నమాట."

సిగ్నల్ సరిగ్గా లేదన్నాడు అల్లుడు.

ఈ మాట బయటికి పొక్కడంతో వీధిలో గాలి తిరిగింది. నిన్నటిదాకా నవ్వినవాళ్ళే ఇవాళ చెప్పులు చప్పుడు కాకుండా వచ్చి పెట్టెని చూసిపోయారు.

"తెలుగు అస్సలు రాదా అండీ? ఒక్క ముక్క కూడా?"

"ఒక్క ముక్క కూడా," అన్నారు పెద్దగుమస్తాగారు అణకువగా.

"అయితే ఖరీదైన సరుకే!"

అధ్యక్షులవారు రెండో ఉపన్యాసం ఇచ్చారు. "మా మనవరాలు కూడా ఇంతే! తెలుగు పుస్తకం చూపిస్తే అచ్చం ఈ ప్రశ్నగుర్తు మొహమే పెడుతుంది. క్లాసులో ఫస్టు!" ఆ మాటకి అందరి కళ్ళూ చెమ్మగిల్లాయి. షాపాయన ఆలస్యం చెయ్యలేదు. తెలుగు రాని స్టీరియోలు ఇచ్చట లభించును, అని బోర్డు పెట్టాడు. బోర్డు మాత్రం తెలుగులో రాయించాడు. కొనేవాళ్ళకి వచ్చింది అదే కదా.

పెద్దగుమస్తాగారు షాపులోనే బల్ల ముందు కూర్చుని, కార్డులో ఉన్న పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్పించారు. పెట్టెలో పెట్టగానే పాట వచ్చేసింది! వీధంతా ఊగింది. భార్య కూడా చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"పడవ పాట పెట్టండి."

ఆయన అక్షరాలు కూడబలుక్కున్నారు. "పదవ పాట. అంటే పదోదా?" అని లెక్కపెట్టుకుంటూ పోయి పదోది పెట్టారు. వాన పాట వచ్చింది.

"పదోది కాదండీ, పడవ! నీళ్ళమీద పోయే పడవ!"

"పడవైనా పదవైనా ఇందులో ఒకటే రాతే. పాటని పాత అని కూడా చదువుకోవచ్చు. పడవ పాత."

"కళ్ళ పాట?"

"కల్ల పాటనుంది. అబద్ధాల పాటేమో అనుకున్నా."

ఆవిడ కారు తలుపు వేసేసింది. "ఇవి నా పాటలు కావు," అంది. "నేను బస్సుకే పోతా."

శనివారం సాయంత్రం ఆవిడ బస్సు కోసం సంచి సర్దుకుంటుంటే పెద్దగుమస్తాగారు గదిలోకి వచ్చారు. వెనకాలే తిరుగుతూ, "దీనికే ఇంత పట్టుదలేంటి? నా ఫోన్లో నీ పేరు కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంది. ఏం కొంప మునిగింది?" అనేశారు. ఆ మాట ఎందుకన్నానా అని ఆయన తర్వాత చాలాసార్లు అనుకున్నారు.

"ఏదీ, చూపించండి."

చూపించారు.

"ఏం రాశారు?"

"హోమ్ అని."

"అంటే?"

"ఇల్లు."

"ఇల్లా?"

"అందరూ అట్లాగే రాసుకుంటారే! అధ్యక్షులవారు కూడా అంతే."

"మీ ఆఫీసు బంట్రోతు పేరేమని రాశారు?"

ఆయన ఫోన్ జేబులో పెట్టుకోబోయారు. బంట్రోతు పేరు ఇంటిపేరుతో సహా ఉంది.

"బాగుంది," అంది ఆవిడ సంచి జిప్పు లాగుతూ. "ఇన్నాళ్ళూ ఇల్లు ఊడ్చేదాన్ననుకున్నా. ఇల్లు కూడా నేనేనన్నమాట."

పెద్దగుమస్తాగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చాలాసేపు ఫోన్ని తిప్పితిప్పి చూసి, ఆ ఇంగ్లీషు మాట చెరిపేశారు. కీబోర్డుని తెలుగులోకి మార్చి, ఒక్కో అక్షరం వెతకడం మొదలుపెట్టారు. కాసేపటికి చెయ్యాగింది.

"ఏమేవ్," అని పిలిచారు మెల్లగా. "నీ పేరులో రెండో అక్షరానికి ఉత్త గుడేనా, గుడి దీర్ఘమా?"

ఆవిడ సంచి పక్కన పెట్టి వచ్చి చూసింది. కాయితం కనపడితే చాలు సంతకం పెట్టిన చెయ్యి ఆయనది. ఆ పేరు రాయడం మాత్రం అదే మొదటిసారి.

"దీర్ఘం," అంది.

దీర్ఘం పెట్టారు. ఒత్తు దొరక్కపోతే ఎక్కడుంటుందో ఆవిడే చూపించింది. పేరు పూర్తయింది. ప్రశ్నగుర్తులేం రాలేదు. ఫోనుకి తెలుగు వచ్చు. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

ఆదివారం ఆవిడ కార్లోనే వెళ్ళింది, ముందు సీట్లో కూర్చుని. పెట్టె జోలికి పోలేదు. తన ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, పడవ పాట దగ్గర వేలు నొక్కింది. ఫోన్ గొంతు సన్నం, ఇంజను గొంతు లావు. అయినా పెద్దగుమస్తాగారు పాట వినపడాలని దారి పొడుగునా నోరు మూసుకుని నడిపారు. ఆఫీసు కుర్చీ కాలు సంగతి ఒక్కసారి మాత్రం నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది.

తోడల్లుడుగారు గుమ్మంలోనే కాచుకుని ఉన్నారు.

"ఏం తమ్ముడూ, మరదలు పాట ఫోన్లో పెట్టుకుంటోంది? నీ పెట్టె ఇంకా పాడదా?"

"పాడకేం బావగారూ, బ్రహ్మాండంగా పాడుతుంది," అంది ఆవిడే. "కాకపోతే దానికి తెలుగు రాదు. అందుకని మేం దాన్ని పలకరించం."

తోడల్లుడుగారి మొహంలో రంగులు మారాయి. "అస్సలు రాదా?" అన్నారు. రాదని రూఢి చేసుకున్నాక తన కారు వైపు చూసుకుని, తప్పు చేసి దొరికిపోయినవాడిలాగా గొంతు తగ్గించారు.

"మాదానికి వచ్చు."

వారం తిరక్కుండా దాన్ని తీయించేసి, రానిది పెట్టించుకున్నారు.

మీరు నవ్వుకుంటున్నారని తెలుసు. నవ్వుకోండి, తప్పేం లేదు. నవ్వడం అయ్యాక ఒకసారి మీ ఫోన్ తీసి, మీ అమ్మ పేరు ఏ అక్షరాల్లో ఉందో చూసుకోండి. తెలుగులో రాద్దామని కూర్చున్నాక దీర్ఘం దగ్గర చెయ్యాగితే మొహమాటపడకుండా ఆవిడకే ఫోన్ చేసి అడగండి. పనేం లేకుండా మీరు చెయ్యరు కాబట్టి, ముందు కాస్త కంగారు పడుతుంది.