బుడ్డలు ఆరేసిన రన్‌వే

ఆ రోజు ఉదయం శ్రీరంగప్ప పెట్టుకున్న పని ఒక్కటే. క్లబ్బు విమానాన్ని పన్నెండు గంటలలోపు ఒకసారి పైకి తీసుకుపోయి, పది నిమిషాలు తిప్పి దింపాలి. తనిఖీ అధికారి రవికుమార్ దాన్ని కళ్లారా చూడాలి. చూడకపోతే గార్లదిన్నె దగ్గరి ఆ ఫ్లయింగ్ క్లబ్బు అనుమతి ఆ రోజుతో రద్దవుతుంది.

ఒకప్పుడు క్లబ్బులో నలభై మంది సభ్యులుండేవారు. కొందరికి చూపు మందగించింది. కొందరికి మోజు తీరింది. కొందరు ఫొటోలై ఆఫీసు గోడెక్కారు. నేర్పేవాళ్లు పోయారు, నేర్చుకునేవాళ్లు రాలేదు. విమానం పెట్రోలు బెంగళూరు నుంచి డ్రమ్ముల్లో తెచ్చుకోవాలి. ధర్మవరంలో పట్టుచీరల కొట్టు నడిపే శ్రీరంగప్ప ఒక్కడే ఇంకా లైసెన్సు నిలుపుకున్నాడు. అదీ వచ్చే ఏడు కంటి పరీక్ష దాకానే.

ఏడు గంటలకు అతను వచ్చేసరికి రన్‌వే నిండా వేరుశనగ కాయలు, అక్కడి మాటలో బుడ్డలు, ఆరబోసి ఉన్నాయి. పక్క చేను కదిరమ్మది. ఇంత నున్నగా, ఇంత వేడిగా ఉండే కళ్లం చుట్టుపక్కల ఇంకెక్కడా లేదని ఆమె ఏనాడో కనిపెట్టింది.

"అక్కా, ఈ పొద్దు విమానం పోవల్ల. ఎత్తేయక్కా."

"పొట్టుతోనే ఎట్ల ఎత్తేదప్పా? నీ ఫ్యాను రోంతసేపు తిప్పు. తూర్పారబట్టి ఎత్తుకుంటా."

శ్రీరంగప్ప చెన్నప్ప వైపు చూశాడు. క్లబ్బుకు మెకానిక్కూ కాపలాదారూ చెన్నప్పే. అతను కాలి బొటనవేలు చూసుకుంటూ చెప్పాడు.

"ఇంజను బిగుసుకుపోకుండా నెలకోసారి తిప్పల్ల కదన్నా. అంత గాలి ఊరికే పోతాండాదని..."

వాదన కంటే తూర్పారబట్టడమే త్వరగా అయిపోతుందని శ్రీరంగప్పకు తోచింది. విమానాన్ని షెడ్డులోంచి బయటికి లాగి, తోక కదిరమ్మ వైపు పెట్టి, ఇంజను తిప్పారు. పొట్టు ఎగిరింది. చప్పుడు మాత్రం నాలుగు ఊళ్లకు వినిపించింది. కొంప మునిగింది అక్కడే.

గంట తిరక్కముందే అవతలి ఊరి నుంచి ఓబిలేష్ ట్రాక్టరు నిండా మనుషులతో దిగాడు. వాళ్లు ఆలస్యంగా విత్తినవాళ్లు. చెట్టు కింద కాయ ఊరే సమయానికి వాన ముఖం చాటేసింది. ఎన్నో ఏళ్ల కిందట మబ్బుల్లో మందు చల్లే విమానాలు ఆ ఊళ్ల మీద తిరిగాయి. అప్పటి నుంచి అక్కడ విమానం మోగిందంటే వాన మందు వచ్చినట్టే.

"అన్నా, ముందు మా చేన్ల మీద చల్లు. ఆకు మాడిపోతాండాది."

వాన మాట చెవిన పడగానే కదిరమ్మ చాట పక్కన పెట్టి రన్‌వే మధ్యలో చతికిలబడింది.

"నా బుడ్డలు ఎండేదాకా వాన పడేదానికి లేదు! పోతే నా మీద నుంచే పో!"

"నీ బుడ్డల కోసరం మా ఊరంతా ఎండిపోవల్లనా?"

"అదునులో విత్తుకోకపోతే తప్పు నాదా?"

"అదునులో మాకు వాన యాడ పడిందమ్మా?"

శ్రీరంగప్ప చేతులెత్తాడు. "అప్పా, ఇది వాన విమానం కాదు. దీంట్లో మందూ మాకూ ఏమీ లేవు."

"అట్లయితే పైకి ఎందుకు పోతాండావన్నా?"

"ఊరికే."



"ఊరికే ఎవరన్నా పోతారా?" అన్నాడు ఓబిలేష్ మెల్లగా. "మాకు చెప్పగూడదంటే చెప్పగూడదను."

కదిరమ్మ కూడా తలూపింది. ఆ ఒక్క విషయంలో ఇద్దరికీ పొత్తు కుదిరింది.

శ్రీరంగప్ప చెప్పి చూశాడు. పైనుంచి పెన్న ఇసుక ఎంత తెల్లగా ఉంటుందో, గుత్తి కొండ ఎంత చిన్నదైపోతుందో, ఆ పది నిమిషాలు మోకాళ్ల నొప్పి కూడా ఎలా గుర్తుకురాదో చెప్పాడు. నలభై మంది ఉన్న రోజుల్లో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఒక్కడే మిగిలాక ఆ జవాబు అతనికే చాలలేదు.

పదకొండున్నరకు రవికుమార్ వచ్చాడు. జీపు దిగక ముందే అతన్ని వానల ఆఫీసరు అనుకుని రెండు అర్జీలు చేతిలో పెట్టారు. ఒకటి వాన కావాలని, ఒకటి వద్దని. అతను రెండూ చదివి, "ఇవేంటి సార్?" అన్నాడు. అంతలోనే గుత్తి వైపు ఆకాశం నల్లబడింది. మొదటి చినుకు అర్జీ మీదే పడింది.

"చినుకులే కదా," అన్నాడు రవికుమార్ గడియారం చూస్తూ. "కాయలు పక్కకు నెట్టించండి. ఒక్క రౌండు కొట్టండి, సంతకం పెట్టేస్తాను."

పక్కనంతా ఎర్రమట్టి. అందులో పడి తడిస్తే ఏడాది పంట బురద. అంతసేపూ అరిచిన కదిరమ్మ ఇప్పుడు కాయలను కొంగుతో కప్పడానికి చూస్తోంది. చెన్నప్ప అప్పటికే విమానాన్ని షెడ్డులోకి నెడుతున్నాడు.

"ఆపు చెన్నప్పా. ముందు బుడ్డలు లోపలికి."

"మరి విమానం తడుస్తాది కదన్నా?"

"అది తడిస్తే మొలకలొస్తాయా?"

గోతాలతో, గంపలతో, చివరికి క్లబ్బు జెండాతో కాయలు మోశారు. వాన కావాలన్న ఓబిలేష్ మనుషులే అందరికంటే ఎక్కువ మోశారు. రవికుమార్ కూడా రెండు గోతాలు మోశాడు. పన్నెండు ఎప్పుడు దాటిందో ఎవరూ చూడలేదు. వాన మూడింటిదాకా కురిసింది.

"నేను చూసిందే రాయాలి సార్," అని రవికుమార్ నొచ్చుకుంటూ రాశాడు. "తనిఖీ సమయానికి విమానం వానలో ఉంది. షెడ్డులో వేరుశనగ ఉంది."

ఓబిలేష్ పోతూపోతూ తడిసిన విమానానికి చేతులెత్తి మొక్కాడు. కదిరమ్మ షెడ్డు గడపలో నిలబడి దాన్ని భయంగా చూసింది.

"పైకి పోకుండానే ఇంత కురిపిచ్చింది. పోయింటే మునిగిపోయేవాళ్లమప్పా."

అందరూ వెళ్లాక శ్రీరంగప్ప విమానం పుస్తకం తెరిచి, క్లబ్బు చివరి పద్దు తానే రాశాడు: ఎగిరినది, సున్నా నిమిషాలు. ఫలితం, నాలుగు ఊళ్లకు పదును వాన.