తల పట్టిన కిటికీ

అయినా కాదనడంలో అంత కష్టం ఎక్కడుందో తనకే అర్థం కావడం లేదు. మాట గుండెలో "కాదు" గానే పుడుతుంది. గొంతు దాకా అలాగే వస్తుంది. పళ్ల దగ్గరికి వచ్చేసరికి ఎదుటివాడి మొహం కనిపిస్తుంది. ఆ మొహం ఇంకాసేపట్లో చిన్నబోతుందన్న ఊహ వస్తుంది. అంతే, బయటపడేది "అలాగేనండీ". బైండరు పుస్తకం అట్టకు జిగురు రాస్తూ ఈ ప్రయాణాన్ని పొద్దుటి నుంచి చాలాసార్లు పరిశీలించాడు. మధ్యలో ఎవరో మాటను మార్చేస్తున్నారు. ఆ ఎవరో తనేనని ఒప్పుకోవడానికి కూడా అతనికి మొహమాటంగానే ఉంది.

ఆ రోజు చెయ్యాల్సిన పని ఒక్కటే. కంపెనీ మనిషి వస్తాడు, అతనికి కాదని చెప్పాలి. ఆ పాత వీధిని మొత్తం పడగొట్టి అద్దాల భవనం కట్టాలని కంపెనీ ఆలోచన. దానికి అన్ని ఇళ్లవాళ్లూ ఒప్పుకోవాలి. పక్కవాళ్లు ఎలాగూ ఒప్పుకునే ఉంటారని ఎవరికి వారే అనుకుని, అందరూ సంతకాలు చేసేశారు. చేసినవాళ్లు వెనక్కి తీసుకునే వీల్లేదు. మిగిలింది బైండరు ఇల్లు. కింద గదిలో నేలకు బిగించిన ఇనుప ప్రెస్సు, దాని పక్కన సాయంత్రం దాకా నిలకడగా ఉండే వెలుతురు. ఆ వెలుతురులో తప్ప తను మరెక్కడా సూది ఎక్కించలేడని అతనికి తెలుసు.

"ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు," అంది భార్య. "మేం ఇల్లు వదలం అని ఒక్క ముక్క చెప్పండి చాలు. ఏదీ, నేనే వాణ్ననుకుని చెప్పండి."

అతను ఆవిడ మొహంలోకి చూశాడు. "అలాగే, చెప్తాను."

"గంగిరెద్దు నయం. అదైనా సన్నాయి వినిపిస్తేనే తల ఊపుతుంది," అని ఆవిడ సంచి తీసుకుని బజారుకు వెళ్లిపోయింది.

ఆవిడ కనుమరుగవగానే బైండరు మెట్ల మలుపులో ఉన్న కిటికీ దగ్గరికి చేరాడు. కంపెనీ మనిషిని దూరం నుంచే చూసి, వెనక గుమ్మంలోంచి జారుకోవాలని అతని పథకం. పథకం అని పేరు పెట్టుకుంటే పిరికితనం కూడా కాస్త మర్యాదగా కనిపిస్తుంది. ఆ కిటికీకి తీగలూ ఆకులూ అల్లిన పాత ఇనుప ఊచలున్నాయి. వీధి చివర కనబడాలంటే తల బయటపెట్టాలి. పెట్టాడు. సునాయాసంగా దూరింది. వీధి ఖాళీగా ఉంది. తేలిగ్గా ఊపిరి పీల్చుకుని తల వెనక్కి తీసుకోబోయాడు.

చెవులు ఒప్పుకోలేదు. జీవితంలో మొదటిసారి అతని శరీరంలో ఒక భాగం గట్టిగా కాదంది.

ఎంత గుంజుకున్నా లాభం లేకపోయింది. చెవుల వెనక ఊచలు పట్టకారులా బిగుసుకున్నాయి. తల పైకీ కిందికీ ఆడుతోంది. పక్కలకు మాత్రం వెంట్రుకవాసి కదలదు.

ఎదురింటి డ్రిల్లు మాస్టారు పళ్లు తోముకుంటూ బాల్కనీలోకి వచ్చాడు. రిటైరై చాలా కాలమైనా ఆయన గొంతు ఇంకా ఆటస్థలంలోనే ఉంది.

"ఏమోయ్ బైండరూ! ఏంటలా నిలబడ్డావు?"

ఇరుక్కుపోయానని చెప్పొచ్చు. చెప్తే వీధంతా నవ్వుతుంది. చచ్చేదాకా ఏదో పేరు పెట్టి పిలుస్తుంది. "ఊరికేనండీ," అన్నాడు.

"కంపెనీవాడు వస్తాడని కాపలానా?"

ఒక రకంగా నిజమే. తల ఊపాడు.

"వాణ్ని గుమ్మం తొక్కనివ్వవా?"

అబ్బే, అంత మాటెందుకని తల అడ్డంగా తిప్పబోయాడు. ఊచలు చెవుల్ని కొరికాయి. నొప్పికి తల కిందికి వాలి, మళ్లీ పైకి లేచింది. చూసేవాళ్లకు అది ఊపడమే.

"ఇల్లు కూల్చడానికొస్తే ఇలాగే అడ్డంగా నిలబడతావా?"

ఇలాగే నిలబడక చేసేదేముంది? మళ్లీ ఊపాడు. మాస్టారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒరేయ్, అందరూ బయటికి రండ్రా! మనలో ఒక మగాడున్నాడు!"

వీధి వీధంతా కిటికీ కింద చేరింది. పక్కింట్లో బట్టలు కుట్టే మిషను పిన్ని ముక్కు చీదుకుంది. "నోట్లో నాలుక లేని మనిషి, ఇవాళ తలే ఇచ్చేస్తున్నాడు! నాకు మాత్రం వెళ్లడం ఇష్టమా? మాస్టారు ఒప్పుకున్నారని ఒప్పుకున్నాను."

"నేనా? నువ్వు ఒప్పుకున్నావని కదా నేను సంతకం పెట్టింది!"

"అది కాదు పిన్నీ, నేను..." అని నోరు తెరిచాడు బైండరు.

"మాట్లాడకు బాబూ, నీరసం వస్తుంది. పొద్దుటి నుంచీ నిరాహారం!"

కింది నుంచి తనవైపు చూస్తున్న ఆ కళ్లలో తనకు తెలియని మనిషి ఎవడో కనిపిస్తున్నాడు. వాణ్ని చూస్తే బైండరుకు కాస్త అసూయ కలిగింది.

అంతలో కంపెనీ మనిషి వచ్చాడు. జనాన్ని చూసి తడబడి, వెంటనే చిరునవ్వు తగిలించుకున్నాడు. "సార్, ఏంటిదంతా? మా ప్లాను మీకిష్టమే కదా?"

అడ్డంగా ఊపబోయాడు, నిలువుగానే ఊగింది.

"చూశారా, ఒప్పుకున్నారు!"

"ఉండవయ్యా," అన్నాడు మాస్టారు. "బైండరూ, ప్రాణం పోయినా ఇల్లు వదలవు కదా?"

ఊగింది. జనం చప్పట్లు కొట్టారు.

"ఇదేం న్యాయం? ఇద్దరికీ ఊపుతున్నాడు!" అన్నాడు కంపెనీ మనిషి.

"నీకు మొహమాటానికి ఊపాడు, మాకు మనస్ఫూర్తిగా ఊపాడు. ఆ మాత్రం తేడా తెలీదా?" అంది పిన్ని.

కంపెనీ మనిషి కళ్లు చిట్లించి పైకి చూశాడు. "సార్... ఇరుక్కుపోయారా?" ఆ రోజుకు మొదటిసారి బైండరు తల మనసారా ఊగింది. కానీ అప్పటికి నమ్మేవాళ్లు లేరు. కంపెనీ మనిషే ఫైరింజనుకు ఫోన్ చేసి, ఊచలు కోసే మిషను తెమ్మన్నాడు.

"ఉద్యమాన్ని కోసేస్తార్రోయ్!" అని మాస్టారు పాత కట్టడాల ఆఫీసుకు ఫోన్ చేశాడు. వీధి పోతోందని ఇన్నాళ్లు మొత్తుకున్నా కదలని ఆ ఆఫీసు, చేత్తో చేసిన పాత ఊచలు కోస్తున్నారనగానే స్కూటరెక్కింది.

ఫైరు వాళ్లు వచ్చి కిటికీకి నిచ్చెన వేసేసరికి, "మిషను ఆపండి!" అంటూ దిగింది ఆఫీసరమ్మ. ఫైరు వాళ్ల నిచ్చెనే ఎక్కి, బైండరు ముక్కు పక్కనుంచి భూతద్దంలో చూసింది. "అబ్బ, ఎంత అందం!"

బైండరు సిగ్గుతో కళ్లు దించుకున్నాడు.

"మిమ్మల్ని కాదు," అందావిడ.

"మనిషి కన్నా ఊచ ఎక్కువా మేడం?" అని అరిచాడు కంపెనీ మనిషి.

"మీకు ఊపిరాడుతోంది కదా?" అని ఆఫీసరమ్మ బైండరును అడిగింది. అతను తల ఊపాడు. "ఆడుతోందట."

కంపెనీ మనిషికి ఓపిక నశించింది. "రేపో మాపో ఈ ఇల్లే కూల్చేస్తాం. ఈ తుప్పు ముక్కకి ఇంత రాద్ధాంతమా?"

ఆఫీసరమ్మ నిచ్చెన మీదే వెనక్కి తిరిగింది. "ఇల్లు కూలుస్తారా? మాకెందుకు చెప్పలేదు? ఊచలు ఉండాలంటే కిటికీ ఉండాలి. కిటికీ గాల్లో వేలాడదు, గోడ ఉండాలి. ఈ గోడ ఎవరిది?"

"మా ఇద్దరిదీ," అంది పిన్ని. "నా ఇంటి అవతలి గోడ ఆ పక్కవాళ్లదీ నాదీ. ఇలా వీధి చివర దాకా ఒకదాన్నొకటి ఆనుకునే ఉన్నాం మేడం."

"అయితే ఒక్క ఇటుక కదలడానికి వీల్లేదు. యజమానులంతా కలిసి కూల్చమంటే వేరే సంగతి. ఒక్కరు వద్దన్నా వీధి మొత్తం మా రక్షణలోకి వస్తుంది. ఎవరైనా ఒప్పుకోనివాళ్లున్నారా?"

సంతకాలు చేసినవాళ్లందరూ తలలెత్తి కిటికీ వంక చూశారు.

సరిగ్గా అప్పుడే భార్య బజారు నుంచి వచ్చింది. జనాన్ని తోసుకుని, లోపల మెట్లెక్కి, మలుపులో ఆగిపోయింది. "బాగుందండీ! వీధికేమో మొహమా? నాకేమో ఈ వైపా?"

"లాగవే," అన్నాడు బైండరు వీధికేసి చూస్తూనే.

ఆవిడ కింద గదిలోంచి నూనె, మడతలు నొక్కే పలక తెచ్చింది. పలకను ఊచల సందుల్లోంచి దూర్చి, పుస్తకం అట్టకు మూలలు నొక్కినట్టు ఒక్కో చెవినీ తలకు అదిమి, నడుం పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఇద్దరూ మెట్ల మీద కూలబడ్డారు. కింద జనం హాహాకారాలు చేశారు. వీరుడు పడిపోయాడనుకున్నారు.

నూనె కారుతున్న మొహంతో బైండరు గుమ్మంలోకి వచ్చాడు. చెవులు తామరాకుల్లా వాచి ఉన్నాయి.

"ఈయన్నే అడగండి మేడం," అన్నాడు కంపెనీ మనిషి తీయగా. "ఇందాక అందరి ముందూ నాకు తల ఊపారు. మంచి మనిషి. ఎవర్నీ కాదనలేరు."

"మీ ఇల్లు కూల్చడానికి ఒప్పుకుంటున్నారా?" అని అడిగింది ఆఫీసరమ్మ.

భార్య అతని మొహం వంక చూడలేక నేల చూపులు చూసింది. బైండరు మెడను ఓసారి సవరించుకున్నాడు. అటూ ఇటూ చోటుంది. ఇంత చోటు ఉంటుందని ఇన్నేళ్లూ గమనించనే లేదు. తలను నెమ్మదిగా ఎడమకు తిప్పాడు. తర్వాత కుడికి తిప్పాడు. వాచిన చెవులు భగ్గుమన్నాయి. మాస్టారి ఈల, పిన్ని కేక, ఫైరింజను గంట అన్నీ ఒక్కసారే మోగి వీధి దద్దరిల్లింది.

ఆ గోలలో ఎవరైనా సరిగ్గా చూశారో లేదోనని ఇంకోసారి అడ్డంగా ఊపాడు.