చుక్క నీరు తాగని తోట

చుక్క నీరు తాగని తోట ఈ వీధి మొత్తానికి మా ఇంట్లోనే ఉంది. నమ్మనివాళ్లు వచ్చి చూసుకోవచ్చు. చెప్పులు మాత్రం విడవకండి. అరికాళ్లకు నేను పూచీ పడను.

ఈ ఘనత నేను పిలిపించిన తోటల డిజైనర్‌ది. మొక్కలంటే ఎంత ప్రేమంటే, మా పెరట్లో ఉన్నవన్నీ పీకించేశాడు. వాటి చోట తెల్ల గులకరాళ్లు పరిపించి, మధ్యన ఓ ముళ్ల మొక్కను నిలబెట్టాడు. ఎండాకాలం నీళ్లు ఆదా చేయడానికి ఇంతకన్నా మంచి ఉపాయం ఉందా? మొక్కే లేకపోతే దాహమెవరికి?

మిగిలింది గోడవార మా ఆవిడ పెంచుకున్న నిమ్మచెట్టు.

"ఇది ఒట్టి తాగుబోతు చెట్టు అంకుల్. కొట్టించేద్దాం" అన్నాడు.

"కొట్టిస్తే మీ అంకుల్ని కూడా ఆ కట్టెల బండిలోనే తీసుకెళ్లిపో బాబూ" అంది మా ఆవిడ.

చివరికి రాజీ కుదిరింది. చెట్టుకు ఎవరూ నీళ్లు పొయ్యకూడదు. వేసవి దాటి బతికితే ఉంటుంది, ఎండితే గొడ్డలి.

ఇక రాళ్ల సుఖం చెప్తాను. మిట్టమధ్యాహ్నం చెయ్యి జారి ఓ గుడ్డు వాటి మీద పడితే, ఉప్పు తెచ్చేలోగా అట్టయి కూర్చుంది. పక్కింటి పిల్లి మా గోడ దిగడం మానేసింది. ఆ సెగకు గదిగదికీ కూలర్ పెట్టించాం. కూలర్ నీళ్లు తాగదా అంటారేమో! అది తోట కిందికి రాదండీ, ఫర్నిచర్ కిందికి వస్తుంది.

రోజూ గాలికి దుమ్ము కొట్టుకొచ్చి రాళ్లు మాసిపోయేవి. "డిజైనంతా ఆ తెలుపులోనే ఉంది అంకుల్, మెరుపు పోనివ్వకండి" అని అతగాడి ఆజ్ఞ. అందుకని పొద్దున్నే పైపు పట్టుకుని రాళ్లకు తలంటు పోసేవాణ్ణి. ఒకప్పుడు పెరడంతా కలిసి తాగినదానికి రెట్టింపు నీళ్లు. అయితేనేం, మొక్కలకు పొయ్యలేదుగా! కడిగిన నీళ్లు వాలు చూసుకుని ఎటు పోయాయో నేనెందుకు చూస్తాను?

వేసవి చివర డిజైనర్ వచ్చాడు. ముళ్ల మొక్క మొదలంటా కుళ్లిపోయింది. నిమ్మచెట్టు కాయల బరువుకు గోడ మీద మోచెయ్యి ఆనించుకుని నిలబడింది.

"చెట్టుకు నీళ్లు పొయ్యలేదు కదా అంకుల్?"

"చెట్టుకా? ఒట్టు" అన్నాను.

"చూశారా, డిజైన్ అంటే ఇదీ" అని దాని పక్కన నిలబడి ఫొటో తీసుకున్నాడు. మా ఆవిడ అతని చేతిలో రెండు నిమ్మకాయలు పెట్టి, "ఎండన పడి వచ్చావు, పిండుకుని తాగు నాయనా" అంది.

ఇందులో కల్పించిందేమిటని అడుగుతారు. గుడ్డు నిజం. గాలి అబద్ధం. వేసవిలో మా వీధిన ఆకు కదలదు. రోజూ పొద్దున్నే మా ఆవిడ గుమ్మం దగ్గరి గోనెపట్టా తెచ్చి, ఆ తెల్లరాళ్ల మీద కసిదీరా దులిపేది. ఆవిడ లోపలికి వెళ్లేదాకా తలుపు చాటున ఆగి, అప్పుడు పైపు అందుకునేవాణ్ణి.